ఫిలిప్పీన్స్ చైనీయుల ఇంటిపేర్లు: ఎవరు రాస్తే ఆ పేరు

1986 ఫిబ్రవరి 25న మనీలా పక్కనే ఉన్న శాన్ హువాన్‌లో, క్లబ్ ఫిలిపినో అనే భవనంలో, కొరజోన్ అక్వినో దేశాధ్యక్షురాలిగా ప్రమాణం చేశారు. ఇరవై ఏళ్లు గద్దె దిగని మార్కోస్ ఆ రాత్రికే దేశం విడిచి వెళ్లిపోయాడు. అక్వినో పుట్టింటి పేరు కొహ్వాంకో. ఆమెతో ప్రమాణం చేయించిన జడ్జి క్లాడియో టీహాంకీ. అంతకు మూడు రోజుల ముందు రేడియోలో జనాన్ని రోడ్డు మీదికి రమ్మని పిలిచినవారు మనీలా ఆర్చ్‌బిషప్ కార్డినల్ హైమె సిన్. ఇంగ్లిష్‌లో సిన్ అంటే పాపం కదా. తన ఇంటికి వచ్చినవాళ్లకు "పాపాల నిలయానికి స్వాగతం" అని తన పేరు మీద తనే జోకు వేసుకునేవారాయన.

ముగ్గురికీ తండ్రి వైపు మూలాలు చైనాలోనే ఉన్నాయి. కానీ మూడు పేర్లూ మూడు తీరులు. సిన్ ఒక్క ముక్క. టీహాంకీ ఒక మనిషి పూర్తి పేరును ఏకంగా ఇంటిపేరు చేసేసినది. కొహ్వాంకోలో చివరి ముక్క అసలు పేరే కాదు, మర్యాదకు తగిలించిన "అన్న".

ఫిలిప్పీన్స్‌లో చైనా మూలాలున్నవాళ్ల ఇంటిపేరు చూసి వంశం చెప్పబోతే చాలాసార్లు బోల్తా పడతాం. ఆ కుటుంబం ఏ కాలంలో వచ్చింది, ఎవరి రిజిస్టర్‌లోకి ఎక్కింది అన్నది మాత్రం కొంచెం ఓపిక పడితే దొరుకుతుంది. చర్చి ఫాదరీ, స్పెయిన్ గవర్నర్, అమెరికన్ ఓడరేవు క్లర్కు, పౌరసత్వం ఇచ్చే కోర్టు, వీళ్లలో ఎవరి చేతిలో కలం ఉంటే పేరు ఆ దారి పట్టింది.

ఒక్క అక్షరం, పది స్పెల్లింగులు

ఫిలిప్పీన్స్‌కు వలస వచ్చిన చైనీయుల్లో ఎక్కువమంది ఫుజియన్ రాష్ట్రం దక్షిణ భాగం వాళ్లు. చువాన్‌జౌ, జిన్‌జియాంగ్, షియామెన్, జాంగ్‌జౌ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చారు. వాళ్ల భాష మాండరిన్ కాదు, హొక్కియెన్. కాంటన్ వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు గానీ తక్కువ.

చైనా పేరులో ఇంటిపేరు మనలాగే ముందు వస్తుంది. దాదాపు ఎప్పుడూ ఒకే అక్షరం. తర్వాత సాధారణంగా రెండక్షరాల సొంత పేరు. మాల్స్ కట్టి దేశంలోకెల్లా ధనవంతుడైన హెన్రీ సీ అసలు పేరు సీ చీ సియెంగ్. సీ ఇంటిపేరు, మిగతాది ఆయన పేరు. ఆయన 1958లో మనీలాలో తెరిచిన చెప్పుల షాపు షూమార్ట్. అదే పెరిగి ఇవాళ్టి ఎస్ఎం మాల్స్ అయింది.

అక్షరం ఒకటే అయినా చదివే భాషను బట్టి పలుకు మారుతుంది. మాండరిన్‌లో చెన్ అని చదివే అక్షరాన్ని హొక్కియెన్‌లో తాన్ అంటారు. అలాగే లిన్ లిమ్ అవుతుంది, వూ గో అవుతుంది, త్సాయ్ చువా అవుతుంది, షూ కో అవుతుంది. మాండరిన్ హువాంగ్ కథ ఇంకా తమాషా. జాంగ్‌జౌ వైపు ఊళ్లలో అది ఉయ్, చువాన్‌జౌ వైపు వెళ్తే ఙ్. మన వర్ణమాలలో పనీపాటా లేకుండా కూర్చున్న ఙ అక్షరం ఉంది చూశారా, సరిగ్గా అదే ధ్వని, వెనక ఏ అచ్చూ లేకుండా. తాతలు పక్కపక్క జిల్లాలవాళ్లే, రాసే అక్షరమూ ఒకటే, మనవలు ఒకరు ఉయ్, ఇంకొకరు ఙ్.

ఈ ధ్వనులను మొదట రోమన్ లిపిలో పెట్టినవాళ్లు స్పెయిన్‌వాళ్లు, అదీ వాళ్ల స్పెల్లింగ్ పద్ధతిలో. మాట చివర ఇకారం వస్తే స్పానిష్‌లో వై అక్షరం రాసేవారు. అందుకే సీ, టీ, డీ, ఉయ్ అన్నిటికీ చివర వై. క ధ్వనికి కె వాడరు, సి గానీ క్యూ గానీ. కాబట్టి కో, కువా రెండూ సితో మొదలవుతాయి. హ ధ్వనికి వాళ్ల అక్షరం జె. హ్వాన్ అని విని జుయాన్ అని ఇంగ్లిష్‌వాడు చదివేలా రాశారు. కొహ్వాంకో మధ్యలో జె ఎందుకుందో, సిహూకోలో జె ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతుంది. హొక్కియెన్‌లో ఇకారం ముందు వచ్చే ల నాలుక కొసతో చాలా తేలిగ్గా పలుకుతుంది, మనీలా చెవికి అది డలా వినిపించింది. లీ కాస్తా డీ అయిపోయింది.

అమెరికన్ల పాలనలో అదే డీని లీ అనీ, కోను కె హెచ్‌తో ఖో అనీ, గోను జి ఎ డబ్ల్యూతో "గా" అనీ రాయడం మొదలైంది. కాబట్టి ఒక తాన్‌నో లిమ్‌నో చూస్తే కాలం తెలియదు గానీ, వైతో ముగిసే డీని, రెండు ఈలు పెట్టిన లీని పక్కపక్కన పెడితే ఎవరి బడిలో చదివిన గుమాస్తా రాశాడో ఊహించవచ్చు.

తిరకాసు ఇంకో వైపు నుంచి కూడా ఉంది. వేరు వేరు అక్షరాలు రోమన్ లిపిలోకి వచ్చేసరికి ఒకటైపోతాయి. ఆంగ్ అనే ఇంటిపేరు వెనక రెండు అక్షరాలు ఉండొచ్చు, మాండరిన్‌లో ఒకటి హోంగ్, ఇంకోటి వెంగ్. వాటికి సంబంధమే లేదు. హొక్కియెన్‌లో స్వరం తేడాతో వాటిని విడదీసి చెప్తారు. రోమన్ లిపిలో స్వరం రాయరు, తేడా పోయింది. యూ అనే పేరుదీ ఇదే గొడవ.

చివరన ఉన్న "కో" ఎవరు?

యూచెంగ్‌కో, తాంతోకో, తియోంగ్‌కో, సిహూకో, తన్‌హువాత్‌కో. ఫిలిప్పీన్స్ పత్రిక ఏది తెరిచినా ఇలాంటి పేరు ఒకటైనా కనబడుతుంది. ఈ కో హొక్కియెన్‌లో అన్న. గౌరవంగా పిలిచేటప్పుడు పేరు చివర తగిలించే మాట, మనవాళ్లు రామన్న, సుబ్బన్న అన్నట్టు. టాగలోగ్ భాషలోకి కూడా ఇది వచ్చి స్థిరపడింది. పాతకాలపు ఇళ్లలో రెండో అన్నను దీకో అనీ, మూడో అన్నను సాంకో అనీ, అక్కలను దిచె, సాన్సె అనీ పిలవడం అక్కడ మామూలు. ఆ పిల్లలకు తాము హొక్కియెన్ మాట్లాడుతున్నామని తెలియకపోవచ్చు.

ఊళ్లో అందరూ "హ్వాన్ అన్న" అని పిలిచే వ్యాపారి చర్చికి వెళ్లి బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఫాదరీ ఆ పిలుపునే రిజిస్టర్‌లో రాసుకున్నాడు. కొడుకులకు అదే ఇంటిపేరైంది. కొహ్వాంకో వంశానికి మూలపురుషుడు కో యూ హ్వాన్. ఫుజియన్‌లోని హోంగ్‌జియాన్ అనే ఊరి నుంచి 1861లో వచ్చాడు. కో అతని ఇంటిపేరు, హ్వాన్ పేరులోని చివరి ముక్క, దాని వెనక అన్న కో. మూడూ కలిసి కొహ్వాంకో. మొదటి కో, చివరి కో చెవికి ఒకేలా వినిపిస్తాయి, అక్షరాలు మాత్రం వేరు. 1988లో చైనా పర్యటనకు వెళ్లినప్పుడు అధ్యక్షురాలు అక్వినో ఆ ఊరికి ప్రత్యేకంగా వెళ్లి వచ్చారు.

ఇక్కడ మూల ఇంటిపేరు కనీసం లోపల దాక్కుని ఉంది. అది కూడా మిగలని పేర్లున్నాయి. దానికి హొసె రిసాల్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఆ దేశానికి జాతీయ వీరుడు రిసాల్. 1896 డిసెంబర్ 30న స్పెయిన్ ప్రభుత్వం కాల్చి చంపింది. ఆయన ముత్తాతకు తండ్రి జిన్‌జియాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన కువా యీ లామ్. 1697లో మనీలాలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజు ఆదివారం కాబట్టి డొమింగో అనే పేరు పెట్టారు. స్పానిష్‌లో ఆదివారం డొమింగోనే. ఇంటిపేరు కాలమ్‌లో పడింది లామ్‌కో, అంటే లామ్ అన్న. కువా అనే అసలు వంశనామం అక్కడే జారిపోయింది. తర్వాత ఆ కుటుంబం మెర్కాదో అనే స్పానిష్ పేరు పెట్టుకుంది, మార్కెట్ అని అర్థం, వ్యాపారస్తులకు తగ్గ పేరు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ప్రభుత్వం కొత్త ఇంటిపేర్లు పంచినప్పుడు హొసె తండ్రి రిసాల్ అని ఇంకోటి చేర్చుకున్నాడు. అయినా ఊళ్లో మెర్కాదోలుగానే చెలామణి అయ్యారు. 1872లో హొసెను మనీలాలో స్కూల్లో చేర్చేటప్పుడు మెర్కాదో పేరు ప్రమాదం తెచ్చిపెట్టేలా ఉంది. అతని అన్న పసియానో, ఆ ఏడాదే ప్రభుత్వం మరణశిక్ష వేసి చంపిన ఫాదర్ బుర్గోస్‌కు దగ్గరివాడు. అందుకని తమ్ముడిని రిసాల్‌గా చేర్చారు. అన్న మెర్కాదో, తమ్ముడు రిసాల్, వంశం కువా. జాతీయ వీరుడి ఇంటిపేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది ఒక స్కూల్ అడ్మిషన్ టెన్షన్ వల్ల.

బాప్తిస్మం కేవలం భక్తి వ్యవహారం కాదు. స్పెయిన్ పాలనలో క్రైస్తవేతర చైనీయులు మనీలా కోట బయట పరియాన్ అనే వాడలో ఉండాలి, వాళ్ల మీద ఎప్పుడూ అనుమానపు చూపే. మతం మారినవాళ్లకు స్థానిక స్త్రీని పెళ్లాడే హక్కు, స్థిరపడే వీలు దొరికేవి. 1594లో వాళ్ల కోసమే నది అవతల బినోందో వెలిసింది. ఇవాళ ప్రపంచంలోకెల్లా పాత చైనాటౌన్ అని చెప్పుకునే చోటు అదే. ఫిలిప్పీన్స్ తొలి సెయింట్ లొరెంజో రుయిజ్ బినోందో కుర్రాడే. తండ్రి చైనీయుడు, తల్లి టాగలోగ్. పేరు చూస్తే ఆ సంగతి ఎవరికీ తట్టదు.

రుయిజ్ లాంటి పూర్తి స్పానిష్ పేర్లు రావడానికి ఒక దారి జ్ఞానతండ్రి, అక్కడి మాటలో పద్రినో. బాప్తిస్మానికి ఒక పెద్దమనిషి అండగా నిలబడాలి, మారినవాడు తరచు ఆయన ఇంటిపేరే పెట్టుకునేవాడు. పంతొమ్మిదో శతాబ్దంలో మనీలా చైనీయులకు పెద్దదిక్కుగా ఉన్న తాన్ కియెన్ సియెన్, తన పద్రినో అయిన స్పానిష్ సైనికాధికారి పేరుతో కార్లోస్ పలాంకా అయ్యాడు. తర్వాతి తరంలో ఇంకో తాన్ వచ్చి ఆయన్నే పద్రినోగా పెట్టుకుని తానూ కార్లోస్ పలాంకా అయ్యాడు. ఆ రెండో పలాంకా సారా వ్యాపారంలో గొప్పవాడై, ఆయన పేరు మీద 1950 నుంచి దేశంలో పేరున్న సాహిత్య అవార్డులు ఇస్తున్నారు. పైకి ఒక స్పానిష్ ఇంటిపేరు, లోపల రక్తసంబంధం లేని ముగ్గురు మనుషులు.

గవర్నర్ గారి జాబితా

1849 నవంబర్ 21న గవర్నర్ జనరల్ నార్సిసో క్లవెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దేశంలో ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలి. అప్పటిదాకా జనం ఇష్టం వచ్చినట్టు దె లా క్రూజ్, దె లోస్ సాంతోస్ అని సిలువ పేరో సాధువుల పేరో పెట్టుకోవడంతో పన్ను గుమాస్తాలకు ఎవరు ఎవరో తేలేది కాదు. అరవై వేలకు పైగా పేర్లతో అక్షరక్రమంలో జాబితా అచ్చు వేసి రాష్ట్రాలకు పంపారు. కొన్నిచోట్ల అధికారులు పేజీలు చింపి ఊరికి ఒకటి పంచేశారు. అందుకే ఆల్బాయ్ రాష్ట్రంలోని ఓవాస్‌లో ఇప్పటికీ ఎక్కువ ఇంటిపేర్లు ఆర్‌తో మొదలవుతాయి.

ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ ఇంటిపేరు ఉందంటే స్పెయిన్ రక్తం ఉందని కాదు, ఈ జాబితా ఉందని. చైనీయుల సంగతికొస్తే, ఈ ఉత్తర్వులో ఒక మినహాయింపు కీలకం. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నామని చూపించిన కుటుంబాలు పాత పేరే ఉంచుకోవచ్చు. చైనా మెస్తిసోలు అనబడే మిశ్రమ సంతానం అప్పటికే వ్యాపారాల్లో, భూముల్లో స్థిరపడి ఉన్నారు, పైగా పన్ను కోసం వాళ్లకు విడి రిజిస్టర్లు ఉండేవి. కాబట్టి కో చివరనున్న పేర్లు చాలావరకు తుఫాను తప్పించుకున్నాయి. జాబితాలో కూడా చైనా ధ్వని ఉన్న పేర్లు కొన్ని చేర్చారు. దాంతో చైనా సంబంధమే లేని కుటుంబానికి కూడా అలాంటి పేరు తగిలే అవకాశం వచ్చింది.

ఇదే కాలపు పాత పేర్లలో ఇంకో గుంపు ఉంది, సోన్‌తో ముగిసేవి. హొక్కియెన్‌లో సున్ అంటే మనవడు. తువాసోన్ పెద్ద మనవడు, దిసోన్ రెండో మనవడు, సిసోన్ నాలుగు, గోసోన్ ఐదు, లాక్సోన్ ఆరు అని చెబుతారు. సెనేటర్ పాన్ఫిలో లాక్సోన్ పేరు విన్నవాళ్లు ఇది గుర్తుపడతారు. మూడో మనవడు సామ్‌సోన్ దగ్గర మాత్రం తొందరపడకూడదు, బైబిల్ నుంచి వచ్చిన సామ్సన్ కూడా కావచ్చు. ఈ పేర్లలోనూ అసలు వంశనామం లేదు, పుట్టిన వరుస ఒక్కటే మిగిలింది.

1849 తర్వాత వచ్చినవాళ్లకు ఈ జాబితాతో పని లేదు. అయినా పేర్లను కలిపి కుట్టడం ఆగలేదు. 1861లో వచ్చిన కో యూ హ్వాన్ సంగతి చూశాం. టీహాంకీ అలాంటిదే, జడ్జి గారి తండ్రి డాక్టర్ టీ హాన్ కీ. ఆయన ఇంటిపేరు ఒక్క టీయే, అదే ధ్వనిని వై పెట్టి రాసే ఇంకో టీ కుటుంబాలవాళ్లు అక్షరంలో ఆయనకు దాయాదులు.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకెళ్తుందో సెబూ నగరంలో చూడాలి. అక్కడి పాత వ్యాపారి పెద్రో గొతియావోకో అసలు పేరు గో బోన్ తియావ్. గో, తియావ్, అన్న కో కలిపితే ఆ ఇంటిపేరు. కానీ చైనా లెక్కలో అతని వంశం గో మాత్రమే. కాబట్టి తర్వాతి తరాలవాళ్లు తమ తమ చైనా పేర్లతో రిజిస్టర్ అయ్యారు. అలా ఒక్క గో వంశంలోంచి గొతియానుయ్‌లు, గొతియానున్‌లు, గొకొంగ్‌వేలు వచ్చారు. సెబూ పసిఫిక్ విమానాలు నడిపే గొకొంగ్‌వేలు, ఫిలిన్‌వెస్ట్ ఇళ్లు కట్టే గొతియానున్‌లు వేరు వేరు కంపెనీలు, వేరు వేరు ఇంటిపేర్లు, మూలం మాత్రం ఒకే ఇల్లు. ముందున్న గో ఒక్కటే ఆనవాలు. ప్రభుత్వం దృష్టిలో కొత్త ఇంటిపేర్లు పుడుతున్నాయి, ఇంటివాళ్ల దృష్టిలో ఏమీ మారలేదు.

కాగితాల్లో ఒకరు, ఇంట్లో ఒకరు

1898లో అమెరికా వచ్చింది. తన దేశంలో చైనా కూలీలను అడ్డుకునే చట్టాన్ని 1902లో ఫిలిప్పీన్స్‌కూ వర్తింపజేసింది. వ్యాపారులు, వాళ్ల మైనర్ పిల్లలు రావచ్చు, కూలీలు రాకూడదు. తలుపు మూసేస్తే సందు వెతుక్కోవడం మామూలే. ఇక్కడ స్థిరపడిన వ్యాపారి చైనా వెళ్లి వచ్చి "కొడుకు పుట్టాడు" అని రాయించేవాడు. కొన్నేళ్లకు ఆ కాగితం మీద అన్న కొడుకో, పక్క ఊరి కుర్రాడో ఓడ దిగేవాడు. చనిపోయినవాళ్ల నివాస పత్రాలు కూడా చేతులు మారేవి. ఓడ దిగిన రోజు నుంచి ఆ కుర్రాడు సర్కారు లెక్కలో ఒక తాన్, ఇంట్లో మాత్రం లిమ్. తర్వాత అతని పిల్లలూ తాన్‌లే. వేరు వేరు కాగితాల మీద వచ్చిన సొంత అన్నదమ్ములు వేరు వేరు ఇంటిపేర్లతో బతికిన కుటుంబాలున్నాయి.

ఇదంతా మోసం అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్లను చూశాను. జాతిని బట్టి మనిషిని ఆపే చట్టం పెట్టినప్పుడు దాని నీడలో ఇలాంటి కాగితాలు పుట్టకుండా ఉంటాయా?

స్వాతంత్ర్యం వచ్చాక చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. 1935 రాజ్యాంగం ప్రకారం ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, తండ్రి ఫిలిపినో అయ్యుండాలి. 1954లో చిల్లర వ్యాపారం ఫిలిప్పీన్స్ పౌరులకే అని చట్టం చేశారు. కిరాణా కొట్ల మీద బతికే సమాజానికి అది నేరుగా పొట్ట మీద దెబ్బ. పౌరసత్వం కావాలంటే 1939 చట్టం కింద కోర్టులో పిటిషన్ వేయాలి, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, సాక్షులను తేవాలి. ఖర్చు, ఏళ్లకేళ్లు ఆలస్యం. ఆ పిటిషన్లలో మనిషి తాను ఎప్పుడెప్పుడు ఏ ఏ పేర్లతో చెలామణి అయ్యాడో అన్నీ చెప్పాలి. బడిలో ఒక పేరు, కొట్లో ఒకటి, ఓడ కాగితంలో ఒకటి. ఒక మారుపేరు రాయడం మరిచిపోయారన్న కారణానికే సుప్రీంకోర్టు పిటిషన్లు తోసిపుచ్చిన సందర్భాలున్నాయి.

ఇంకో దారి ఇంట్లోనే ఉంది. ఫిలిపినో తల్లికి పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు తల్లి పౌరసత్వం వస్తుంది. దాంతో చైనా తండ్రి, ఫిలిపినో తల్లి కలిసే కాపురం చేసినా కొందరు పెళ్లిని రిజిస్టర్ చేయించలేదు. పిల్లలు తల్లి ఇంటిపేరుతో పెరిగారు. బయటివాళ్లకు శాంతోస్, రేయెస్. తండ్రి గో అని ఇంట్లోవాళ్లకే తెలుసు.

1975 ఏప్రిల్‌లో మార్కోస్ ఒక ఉత్తర్వుతో ఈ ముడి విప్పాడు. కోర్టు బదులు కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే చాలు. రెండు నెలల్లో బీజింగ్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకోబోతున్నాడు, అప్పుడు దేశంలోని చైనీయులంతా కమ్యూనిస్టు చైనా పౌరులుగా మిగిలిపోకూడదన్నది లెక్క. ప్రజాస్వామ్యాన్ని పాతిపెట్టిన మనిషే ఈ మేలు చేశాడని చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా, జరిగింది అదే. వేల కుటుంబాలు పౌరులయ్యాయి. ఆ తర్వాత పుట్టిన తరానికి పేరు దాచుకోవాల్సిన అవసరం తగ్గింది. 1987లో ఏర్పడ్డ కైసా అనే సంస్థ "చినోయ్" అనే మాటను వాడుకలోకి తెచ్చింది, చీనో (చైనీయుడు), పినోయ్ (ఫిలిపినో) కలిపి.

ఇప్పుడు ఒక చినోయ్ పిల్లాడికి సాధారణంగా రెండు పేర్లుంటాయి. బర్త్ సర్టిఫికెట్ మీద ఇంగ్లిష్ పేరు. విల్సన్, జాన్సన్, జాక్సన్ లాంటి పేర్ల మీద ఆ తల్లిదండ్రులకు ఉన్న మోజు గురించి అక్కడివాళ్లే నవ్వుకుంటారు. ఒకే అక్షరంతో పిల్లలందరికీ పెట్టడం ఇంకో సరదా, హెన్రీ సీ కొడుకులు హెన్రీ, హాన్స్, హెర్బర్ట్, హార్లీ. రెండోది చైనా పేరు, తాత పెట్టేది. పాత పద్ధతి పాటించే ఇళ్లలో అన్నదమ్ములందరికీ అందులో ఒక అక్షరం ఉమ్మడిగా ఉంటుంది, ఆ తరానికి వంశవృక్షంలో ముందే కేటాయించిన అక్షరం. చైనీస్ స్కూల్లో చైనా భాష క్లాసు జరిగినంతసేపు ఈ పేరుతో హాజరు పిలుస్తారు, మిగతా క్లాసుల్లో ఇంగ్లిష్ పేరుతో. ఇంట్లో ఈ రెండూ వినబడవు. పెద్దన్న అహియా, అక్క అచీ, తమ్ముడు షోతీ, చెల్లి షోబె.

కాగితం పేరుకూ అసలు పేరుకూ చివరికి రాజీ కుదిరే చోటు మనీలా చైనా శ్మశానం. కాథలిక్ శ్మశానాల్లో చోటు దొరకని చైనీయుల కోసం పంతొమ్మిదో శతాబ్దంలో కట్టుకున్నది. సమాధి మీద చైనా అక్షరాల్లో అసలు వంశనామం, చైనాలోని సొంత ఊరు చెక్కిస్తారు. రోమన్ లిపిలో సర్కారు పేరు. రెండూ ఒకే మనిషివే, కొన్నిసార్లు రెంటికీ పొంతన ఉండదు.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ అసలు పేరే లెక్కకు వస్తుంది. మన పెద్దలు సగోత్రం అని ఎలా వద్దంటారో, ఒకే అక్షరం ఉన్నవాళ్ల మధ్య పెళ్లి వద్దని పాతతరం చినోయ్‌ల పట్టింపు. ఉయ్, ఙ్ పేర్లు వేరు వేరుగా కనిపించినా సంబంధం కుదరదు, అక్షరం ఒకటే కాబట్టి. ఇద్దరు ఆంగ్‌లకు మాత్రం కుదరొచ్చు. గొతియానున్, గొకొంగ్‌వే అని శుభలేఖలో చదివితే ఎవరికీ అభ్యంతరం కనబడదు, పెద్దవాళ్లకు మాత్రం కనబడుతుంది. కొత్తతరం ఈ పట్టింపును పెద్దగా ఖాతరు చేయడం లేదు.

ఇక పేరు చూసి జాతి చెప్పడం. దేశం దక్షిణ కొసన ఉన్న సులూ దీవుల్లో ఏళ్ల తరబడి గవర్నర్‌గా చేసిన అబ్దుసకూర్ తాన్ ముస్లిం, అక్కడి తౌసుగ్ జాతి నాయకుడు. తాన్ అన్నంత మాత్రాన ఆయన్ను బినోందో లెక్కలో వేయలేం. మరోవైపు గత కొన్ని దశాబ్దాల్లో చైనా నుంచి నేరుగా వచ్చినవాళ్లు పాస్‌పోర్టు మీద బీజింగ్ స్పెల్లింగ్‌తో చెన్, లిన్, హువాంగ్ అని దిగుతున్నారు. పాత చినోయ్‌లకు ఆ స్పెల్లింగ్ వినగానే కొత్తవాడని తెలిసిపోతుంది. అక్షరం తమదే అయినా "మా తాన్ వేరు" అన్న దూరం ఉంటుంది. వైద్య విద్య కోసం దవావో, మనీలా వెళ్లే మన తెలుగు పిల్లలు హాస్పిటల్ బోర్డు మీద చూసే లిమ్, చువా, తాన్‌ల కుటుంబాలు చాలావరకు మూడు నాలుగు తరాలుగా అక్కడివే.

ఫిలిప్పీన్స్ పేరులో మధ్యలో వచ్చేది తల్లి పుట్టింటి పేరు. స్పెయిన్ అలవాటు, అమెరికన్ వరుస. చైనా పద్ధతిలో తల్లి పేరుకు చోటు లేదు, కానీ చినోయ్‌లంతా ఇది పాటిస్తారు, చట్టం అలా ఉంది కాబట్టి. 2005లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. సెబూలో పుట్టిన ఒక బాబు, తండ్రిది చైనా ఇంటిపేరు. కుటుంబం సింగపూర్‌లో స్థిరపడాలనుకుంటోంది. అక్కడ మధ్యపేరు వాడరు, తోబుట్టువుల ఇంటిపేర్లు వేరనుకుంటారు, పైగా ఆ మధ్యపేరులో ఉన్న ర అక్కడివాళ్ల నోట ల అయి నవ్వులపాలవుతుంది, తీసేయడానికి అనుమతివ్వండి అని తల్లి అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు. బిడ్డ తల్లి ఎవరో, ఏ వంశమో చెప్పేది మధ్యపేరే, సౌకర్యం కోసం దాన్ని తీసేయడం కుదరదు అంది. అంతగా కావాలంటే మేజర్ అయ్యాక ఆ అబ్బాయే తేల్చుకుంటాడు, అప్పటిదాకా పేరు ఉన్నట్టే ఉంటుంది అని పిటిషన్ కొట్టేసింది.